ర్యాంపు గేటు లోపలే ఉండాలి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

లేఅవుట్లలో రోడ్ల కనీస వెడల్పును 12 మీటర్ల నుంచి 9 మీటర్లకు తగ్గించారు. నెల్లూరులో చాలామంది పెదవి విరిచారు కానీ నాకు అభ్యంతరం లేదు. మామూలు ఉద్యోగి కూడా స్థలం కొనుక్కోవాలంటే ఎక్కడో ఒకచోట ఖర్చు తగ్గాలి. పైగా రోడ్డు సన్నగా ఉంటే బండ్లూ నిదానంగా పోతాయి. నా పేచీ అల్లా ఆ 9 మీటర్లలో నడిచేవాళ్ల వాటా గురించే.

నడవడానికి ఏ అడ్డూ లేని జాగా కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు ఉండాలని రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే చెప్పింది. ఫుట్‌పాత్ అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. 9 మీటర్ల రోడ్డులో రెండు పక్కలా ఆరేసి అడుగులు వదిలినా 5.4 మీటర్లు మిగులుతుంది. కరెంటు స్తంభాలకు ఒక పక్క కాస్త చోటిచ్చినా, రెండు కార్లు ఎదురెదురుగా నిదానంగా పోవచ్చు. అంటే చోటు లేక కాదు.

మా వీధి సంగతి చెప్తాను. సైడు కాలవ మీద బండలు పరిచారు, అదే ఫుట్‌పాత్. ఒకాయన బండి ఇంట్లోకి ఎక్కడానికి గ్రానైట్ ముక్కలతో ర్యాంపు కట్టి కాలవ దాటించి రోడ్డు మీదికి తెచ్చాడు. రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతోందని పక్కింటాయన ఇంకో అడుగు లేపాడు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టూ కంచె. అది దాటితే, పూడిక తీయడానికి లేపి మళ్లీ మూయని బండ. ఎవరో పుణ్యాత్ములు ఆ సందులో గుర్తుగా వేపకొమ్మ గుచ్చారు. మోకాళ్ల నొప్పులతో మా అమ్మ ఇవన్నీ ఎక్కి దిగలేదు. రోడ్డు మీదే నడుస్తుంది. వెనక ఆటో హారన్ కొడితే ఆమెకి టెన్షన్, చూసే మాకు ఇంకా టెన్షన్.

ప్లాను పాస్ చేసేటప్పుడు సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఎంత, పార్కింగ్ ఎక్కడ, రోడ్డు వెడల్పును బట్టి ఎన్ని అంతస్తులు అని అన్నీ చూస్తారు. గేటు బయట మాత్రం యజమాని ఇష్టం. ర్యాంపు గేటు లోపల, సెట్‌బ్యాక్‌లోనే దిగిపోవాలని ఒక్క జీవో ఇవ్వండి. ర్యాంపు బయటికొస్తే, ఇల్లు పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఆపండి. లేఅవుట్ అయితే మీ చేతిలో ఇంకా పెద్ద తాళం ఉంది: పనులు పూర్తి చేస్తారన్న హామీగా తనఖా పెట్టించుకున్న ప్లాట్లు. ఫుట్‌పాత్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఎత్తులో పూర్తయ్యేదాకా వాటిని విడుదల చేయకండి.

ఫుట్‌పాత్ ఖాళీ చేయించమనగానే మనవాళ్లు ముందు దోసెల బండి మీద పడతారు. బ్యాంకు ముందు అడ్డంగా నిలబెట్టిన మోటార్ సైకిళ్లు ఎవరికీ కనపడవు. వీధి వ్యాపారులకు 2014 చట్టం ఉంది, ఆ చట్టం కింద ఏర్పడే టౌన్ వెండింగ్ కమిటీతో కూర్చుని వాళ్లకి చోటు చూపించాలి. ట్రంకు రోడ్డులో రాత్రి పది తర్వాత ధైర్యంగా నడవగలుగుతున్నామంటే ఆ బండ్ల దగ్గర దీపాలు, మనుషులు ఉండబట్టే.

పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగులు. అంత చిన్న ఇంటికి వీధే వసారా. పిల్లలు ఆడుకునేది, ముసలివాళ్లు కూర్చునేది అక్కడే. నెల్లూరు వెంకటేశ్వరపురంలోనో అల్లీపురంలోనో టిడ్కో ఇల్లు వచ్చిందని సంతోషపడిన మనిషి పనికి టౌన్లోకి రావాలి. ఆటో ఎక్కేచోటు దాకా చీకట్లో, రోడ్డు అంచున నడవాల్సి వస్తే ఆ ఇల్లు అతనికి దూరమే.

సుప్రీంకోర్టు 2025 మేలో ఫుట్‌పాత్ హక్కు రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం కిందికే వస్తుందని చెప్పింది. అయినా చేయలేమని ఇంజనీర్లు అనొచ్చు. ఏటా రొట్టెల పండగకి బారాషహీద్ దర్గా దగ్గర లక్షల మందిని నడిపించేది ఇదే యంత్రాంగం కదా!

నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) దగ్గర అనుమతి కోసం ఉన్న లేఅవుట్లతోనే మొదలుపెట్టండి. ప్రహరీలు లేచాక ఆ ఆరడుగులు తిరిగి రాబట్టాలంటే మళ్లీ స్థలానికి పరిహారంగా ఇచ్చే టీడీఆర్ బాండ్లు, కోర్టు కేసులే.

ఇట్లు,
నెల్లూరు నగరవాసి