మీ చెల్లెలి పీజీ సీటు గురించి

ప్రియ మిత్రమా,

చెల్లెమ్మను ఎక్కడ చేర్పించాలని నువ్వు ఫోనులో అడిగిన ప్రశ్నకు ఫోనులోనే జవాబు చెప్పి ఉండవచ్చు. కానీ ఆ సమయానికి నేను మా విశ్వవిద్యాలయం పరిపాలనా భవనం మెట్ల మీద, చేతిలో చలానా పట్టుకుని, భోజనానికి వెళ్లిన గుమాస్తా ఎప్పుడు తిరిగి వస్తాడా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆ మంటలో నేను చెప్పే సలహా ఒక ఆడపిల్ల చదువుకు చెరుపు చేస్తుందేమోనని భయం వేసి, తీరిగ్గా రాస్తానని చెప్పి పెట్టేశాను. మంట చల్లారడానికి వారం పట్టింది.

చెల్లెమ్మకు పీజీ ప్రవేశ పరీక్ష అయిన పీజీసెట్‌లో మంచి ర్యాంకే వచ్చిందనీ, ఎంఏ చరిత్రలో సీటు మా దగ్గరే రావచ్చనీ, మీ నాన్నగారేమో ఊరికి దగ్గర్లోనే బీఈడీ చేయమంటున్నారనీ, నువ్వేమో హైదరాబాదు తీసుకువెళ్లి ఏదైనా కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నావనీ చెప్పావు. ఆ అమ్మాయి ఏమంటోందో మాత్రం చెప్పలేదు. ముందు అది కనుక్కో.

నేను చేరిన ఏడాది నీకు గుర్తుండే ఉంటుంది. అంతవరకు ఏ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష దానిదే. ఆంధ్రప్రదేశ్ అంతటికీ కలిపి ఒకే పీజీసెట్ పెట్టడం 2021లోనే మొదలైంది. కరోనా దెబ్బకు అన్నీ వెనక్కి జరిగి, పరీక్ష అక్టోబరులో పడి, మేము తరగతి గదిలో కాలు పెట్టేసరికి కొత్త సంవత్సరం వచ్చింది. 2020 చివర్లో వచ్చిన 77వ నంబరు జీవోతో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగిపోయి, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చేరినవాళ్లకే మిగిలింది. కాబట్టి నేను ఏదో గొప్ప ఆశయంతో అక్కడికి వెళ్లానని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మా నాయన వేరుశనగ అమ్మిన డబ్బుకూ, ప్రైవేటు కళాశాల అడిగిన ఫీజుకూ పొంతన కుదరలేదు, అందుకే వెళ్లాను. నాతో చేరిన ఇరవై ఆరు మందిలో సగానికి పైగా కథ ఇదే.

శాఖ గురించి దాచకుండా చెబుతాను. రెగ్యులర్ ప్రొఫెసరు ఒక్కరే. మిగిలిన పాఠాలన్నీ ముగ్గురు అకడమిక్ కన్సల్టెంట్లు, అంటే ఒప్పందం మీద పనిచేసే అధ్యాపకులు, చెప్పేవారు. వాళ్లలో ఒకాయన పదిహేనేళ్లుగా అదే హోదాలో ఉన్నారు. ఆయన దగ్గర చదువుకున్న ఒక విద్యార్థి ఇప్పుడు డిగ్రీ కళాశాలలో శాశ్వత అధ్యాపకుడై, ఆయన కన్నా ఎక్కువ జీతం తీసుకుంటున్నాడు. ఈ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పారు, మాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక సెమిస్టరులో ఒక పేపరుకు పాఠం చెప్పేవారే లేక, నవంబరు దాకా ఆ గంటంతా చెట్టు కింద గడిపి, ఆఖరి మూడు వారాల్లో ఐదు యూనిట్లూ వినేశాము. పరీక్ష మాత్రం చెప్పిన తేదీకే జరిగింది, ఆ ఒక్క విషయంలో ఎన్నడూ లేని క్రమశిక్షణ చూపించారు.

ఇక భాష సంగతి. మా బ్యాచిలో ఎక్కువ మంది తెలుగులోనే రాశాము, నేనూ అంతే. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ లేకపోతే మాబోటివాళ్లకు పీజీ స్థాయిలో పట్టుకుని చదవడానికి పుస్తకమే ఉండేది కాదు. కానీ ఆ పుస్తకాలు ఒక గుమ్మం దాకా తీసుకువెళ్లి వదిలేస్తాయి. అధ్యాపక అర్హత కోసం రాసే నెట్ పరీక్షలో చరిత్ర ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటుంది, తెలుగులో ఉండదు. రెండేళ్లు ‘అగ్రహారం’, ‘ఆయగార్లు’, ‘దశబంధ ఇనాము’ అని రాసిన చెయ్యి, అక్కడ అవే మాటలను ఇంగ్లీషు స్పెల్లింగులో చూసి ఒక్క క్షణం ఆగిపోతుంది. చెల్లెమ్మ తెలుగులోనే రాయవచ్చు, తప్పులేదు. చదవడం మాత్రం మొదటి సెమిస్టరు నుంచే రెండు భాషల్లోనూ చదవాలని గట్టిగా చెప్పు. నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంత చెప్పాక, మరి నువ్వెందుకు రెండేళ్లు అక్కడ ఉన్నావని అడుగుతావు. దానికి జవాబు కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర ఉంది.

శాసనాల పేపరు చెప్పిన కన్సల్టెంటు గారిని, తరగతిలో బోర్డు మీద లిపి గీస్తుండగా, మా వాడొకడు ‘సార్, నిజం రాయి ఎప్పుడు చూపిస్తారు’ అని అడిగాడు. ఎగతాళికే అడిగాడు. ఆయన మాత్రం నిజంగానే తీసుకుని, తర్వాతి ఆదివారం ఎవరి చార్జీలు వాళ్లు పెట్టుకోగలిగితే వెళ్దామన్నారు. తొమ్మిది మందిమి తెల్లవారుజామున బస్సెక్కాము. నువ్వు కడప జిల్లా దారుల్లో ఎన్నోసార్లు తిరిగి ఉంటావు గానీ ఆ చెరువు కట్ట మీద నిలబడి ఉండవు. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో దాన్ని కట్టించి, ఎలా కట్టించాడో రెండు పెద్ద రాతి పలకల మీద సంస్కృత శ్లోకాలుగా చెక్కించి పెట్టాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు మోయడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని అని అందులోనే ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలట, జలశాస్త్రం తెలిసిన పండితుడూ, గట్టి బంకనేలా, తియ్యటి నీళ్లు తెచ్చే నదీ, దగ్గర్లో రాతిగనీ, పని తెలిసిన మనుషులూ అలా. తప్పించుకోవలసిన దోషాలు ఆరు. కట్ట నుంచి నీరు కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు మధ్యలో తాబేటి వీపులా మిట్ట ఉండటం, నీళ్లు తక్కువై పారించవలసిన నేల ఎక్కువ కావడం, పారించవలసిన నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. మా సారు ఐదో దోషం చదివి వినిపించి, ఒక్క నిమిషం ఆగి, ‘ఇది మన డిపార్టుమెంటు గురించి చెక్కినట్టుందే’ అన్నారు. నలుగురు గురువులు, నాలుగు సెమిస్టర్లు, ఇరవై పేపర్లు. ఆ కట్ట మీద అందరం పడీ పడీ నవ్వాము. తరువాత ఆ దోషాన్నే నాలుగో సెమిస్టరు ప్రాజెక్టుగా తీసుకున్నాను.

శాసనాన్ని కాగితం మీదికి నకలు తీయడం ఆ సారు నేర్పింది వేరే రోజు, మా ప్రాంగణానికి దగ్గరి పల్లెలో, పొలం గట్టున పడి ఉన్న ఒక చిన్న దానశాసనం మీద. ఆ ఊరి పెద్దను అడిగి ఒప్పించాకే చేయి వేయనిచ్చారు. ముందు రాతిని నీళ్లతో, కొబ్బరిపీచుతో మెల్లగా కడగాలి. నాచు పోవాలి, అక్షరం అరగకూడదు. తడిపిన కాగితాన్ని రాతి మీద పరిచి, గాలి బుడగ లేకుండా గుడ్డతో అదిమి, కుచ్చు బ్రష్షుతో పైనుంచి కిందికి కొడుతూ పోతే కాగితం అక్షరపు గుంటలోకి దిగుతుంది. అది తడీ పొడీ కాకుండా ఉన్న ఆ కాసేపట్లోనే సిరా అద్దాలి. గుంటల్లోకి దిగిన చోట తెల్లగా మిగిలి, చుట్టూ నల్లబడుతుంది. నేను మొదటిసారి తొందరపడి తడి ఆరకముందే అద్దాను; కాగితం అంతా మసి అయింది. రెండోసారి ఒక మూల ‘శ్రీ’ అని తేలింది. అది చూశాక నాకు కలిగిన సంతోషం ఏ సెమిస్టరు మార్కులు చూసినా కలగలేదు.

ఆ ప్రాజెక్టు కోసమే కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి, మా పిన్ని ఇంట్లో ఉండి, ఐదు రోజులు కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, చదివాను. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ మనుషులు రెండు వందల ఏళ్ల కిందట ఊరూరా తిరిగి కరణాలను అడిగి రాసుకున్నవి అవి. మా పక్క ఊరి చెరువుకు తూము పగిలిందనీ, బాగుచేసినవాడికి ఇనాము ఇచ్చారనీ ఒకచోట దొరికింది. ఆ తూము ఇప్పటికీ పగిలే ఉందని మా నాయనకు చెబితే, ‘దానికి ఎంఏ చదవాలా, నన్నడిగితే చెప్పనా’ అన్నాడు.

హాస్టలు గురించి ఎక్కువ చెప్పను, మీ అమ్మగారు భయపడతారు. మెస్సు డివైడింగ్ పద్ధతిలో నడుస్తుంది, నెల ఖర్చు తిన్నవాళ్ల తలల మీద పంచుతారు. ఎవరో ఒకరు బియ్యం బస్తాల లెక్క చూడాలి. ఆ బాధ్యత ఒకసారి నా మీద పడి, నెల రోజులు స్నేహితులను పోగొట్టుకున్నాను. ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ మాత్రం నీ హైదరాబాదులో ఎంత డబ్బు పెట్టినా దొరకవు. ఆడపిల్లల హాస్టలుకు చీకటి పడేవేళకే గేటు వేస్తారు. గ్రంథాలయం మాత్రం రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంటుంది. ఈ రెండు సమయాలనూ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. మా తరగతి అమ్మాయిలు దాని మీద అర్జీ పెట్టి, వార్డెను చేత ఒక గంట పెంచుకున్నారు. చెల్లెమ్మ వెళ్తే ముందు ఆ సంగతి అడగమను.

ఆ గ్రంథాలయంలో చదివే హాలు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. అయితే అక్కడ కూర్చున్నవాళ్లలో చాలా మంది గ్రంథాలయం పుస్తకాలు ముట్టుకోరు. సొంత గ్రూప్స్ మెటీరియలూ, డీఎస్సీ గైడ్లూ తెచ్చుకుని, ఫ్యాను కింద సీటుకు తువ్వాలు కప్పి పోతారు. పైఅంతస్తులో పుస్తకాల బీరువాల మధ్య నేను ఒక్కడినే ఉన్న మధ్యాహ్నాలు ఎన్నో. దీని మీద చాలా మంది గురువులు చిరాకు పడతారు గానీ నాకు ఆ చిరాకు లేదు. నా గదిలో ఉన్న మిత్రుడు బీఈడీ కూడా చేసి, 16,347 పోస్టుల మెగా డీఎస్సీ కోసం నోటిఫికేషన్ వచ్చేదాకా రోజులు లెక్కపెట్టుకున్నాడు. వాడి ఇంట్లో పెళ్లి కావలసిన ఇద్దరు అక్కలున్నారు. వాడికి విశ్వవిద్యాలయం అంటే తక్కువ ఖర్చులో దొరికే ఒక మంచం, ఒక బల్ల, కరెంటు. అది కూడా తక్కువ సాయం కాదు.

నా నెట్ కథ నీకు సగం తెలుసు. 2024 జూన్ 18న రాసి, బాగా రాశానన్న ధీమాతో హాస్టలుకు తిరిగి వస్తే, మరునాటి రాత్రి పరీక్ష రద్దయిందన్నారు. మళ్లీ ఆగస్టు, సెప్టెంబరులలో కంప్యూటరు మీద పెట్టారు. నాకు అధ్యాపక అర్హత వచ్చింది గానీ పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ రాలేదు. ఆ తేడా విలువ నెలకు 37,000 రూపాయలు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయితే జేఆర్ఎఫ్ లేకపోయినా పీహెచ్‌డీ చేసేవాడికి నెలకు 8,000 ఇస్తారు. మా దగ్గర అదీ లేదు. అందుకే ప్రస్తుతానికి ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పుకుంటూ, ఇంకొకసారి రాస్తున్నాను.

మొన్న మెట్ల మీద ఎందుకు కూర్చున్నానో చెప్పలేదు కదా. ఒరిజినల్ డిగ్రీ కోసం. దానికి నో డ్యూస్, అంటే ఎక్కడా బాకీ లేనని కాగితం, కావాలి. శాఖ, గ్రంథాలయం, హాస్టలు, మెస్సు, ఎన్ఎస్ఎస్ ఇలా పది సంతకాలు. రెండేళ్లలో బంతి ముట్టుకోని నేను ఆటల విభాగం వారి సంతకం కోసం రెండు రోజులు తిరిగాను, ఆ గదికి తాళం వేసి ఉంది. అన్నీ అయ్యాక చూస్తే మార్కుల మెమోలో మా ఇంటిపేరులో ఒక అక్షరం లేదు. సరిచేయడానికి మరో చలానా, పదో తరగతి మెమో నకలు, ఒక అఫిడవిట్టు. భోజనం ముగించి వచ్చిన గుమాస్తా నా కాగితాలు చూసి, ‘శాసనాలు చదివినవాడివి, నీ మెమో చదువుకోలేదా’ అన్నాడు. నా ఫైలులో ప్రాజెక్టు పేరు చూసి అన్న మాట అది. కోపం వచ్చింది గానీ, ఆయన అన్నదాంట్లో తప్పు లేదు.

నా మాటగా ఇంట్లో ఇలా చెప్పు. చెల్లెమ్మకు చరిత్ర మీద నిజంగా ఇష్టం ఉంటే చేరనివ్వండి. ఉద్యోగం కోసమే అయితే నాన్నగారి మాటే సరైనది, బీఈడీ చేయనివ్వండి. నీ హైదరాబాదు కోర్సు సంగతి నేను ఎత్తను. చేరితే మాత్రం అక్కడ అడిగినవాళ్లకే దొరుకుతుంది. మా వాడు ఎగతాళికి అడిగి ఉండకపోతే మేము పోరుమామిళ్ల చూసేవాళ్లమే కాదు. శాసనాల సారు ఇంకా అక్కడే ఉన్నారు, ఇంకా కన్సల్టెంటుగానే. కౌన్సెలింగు రోజు నేను కూడా వస్తాను. ఒరిజినల్సుతో పాటు టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు మూడేసి సెట్లు జిరాక్సు తీయించి పెట్టమను. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్కసారి అక్షరం అక్షరం చూసుకోమను.

నా దగ్గర ఉన్న ఆ మసిబారిన కాగితం, ‘శ్రీ’ తేలిన కాగితం రెండూ ఆ రోజు తీసుకువస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు