బడికి వెళ్లిన పిల్లకు హాజరు లేదట: విద్యాశాఖ మంత్రి గారికి ఒక తల్లి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కరించి రాయునది.

ఈ లేఖకు ముందు నేను మా హెడ్మాస్టరు గారికి, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు, మా వార్డు సచివాలయానికి, సోమవారం గ్రీవెన్సులో కలెక్టరు గారికి అర్జీలు ఇచ్చుకున్నాను. అన్నిటికీ రశీదులున్నాయి. జవాబు మాత్రం అన్నిచోట్లా ఒక్కటే: "మా చేతుల్లో ఏం లేదమ్మా, పైనుంచి రావాలి." ఆ పైన ఉన్నది ఎవరా అని చూస్తే మీరే కనిపించారు. మీకు పైన కూడా ఇంకెవరైనా ఉంటే చెప్పండి సార్, వారికీ ఒక అర్జీ రాసుకుంటాను.

బడికి వెళ్లే పిల్లల తల్లుల ఖాతాలో డబ్బు వేసే తల్లికి వందనం పథకం ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఎన్నికలప్పుడు మీ పార్టీవాళ్లు "నీకు పదిహేను వేలు, నీకు పదిహేను వేలు" అని పిల్లల్ని పేరుపేరునా వేలు చూపించి మరీ లెక్కపెట్టారు. ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ అన్నారు. మాకు ఇద్దరు. 2025 జూన్‌లో బాబు పేరు మీద 13 వేలు నా ఖాతాలో పడ్డాయి, మిగతా రెండు వేలు బడి బాగుకోసం అన్నారు, సంతోషమే. పాప పేరు మీద ఏమీ పడలేదు. సచివాలయంలో అంటించిన అనర్హుల జాబితాలో పాప పేరు పక్కన కారణం రాసి ఉంది: హాజరు 75 శాతం కన్నా తక్కువ.

సార్, 2024-25 బడి ఏడాదిలో మా పాప జ్వరంతో కూడా బడికి వెళ్లింది. వద్దమ్మా పడుకో అంటే వినే రకం కాదు. కావాలంటే తొమ్మిదో తరగతి హాజరుపట్టీ తెప్పించుకుని చూడండి. అచ్చు వేసిన పేర్లన్నీ అయిపోయాక, కింద క్లాసు టీచరు గారు పెన్నుతో రాసుకున్న పేరు ఒకటుంటుంది. అదే మా పాప. ఆ పేరు ఎదురుగా జూన్ నుంచి ఏప్రిల్ దాకా వరసగా పి, పి, పి. కాగితం మీద బంగారంలా ఉన్న పిల్ల కంప్యూటర్లో బడి ఎగ్గొట్టిన పిల్ల ఎలా అయిందో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

2024 వేసవిలో మా ఆయన గ్రానైట్ ఫ్యాక్టరీలో పనికి కుదిరారు. ఊరు వదిలి టౌనుకు వచ్చేశాం. బాబు ఊళ్లో మండల పరిషత్ బడిలో చదివేవాడు. వాడి టీసీ ఆ పూటే చేతికిచ్చారు, ఆన్‌లైన్లోనూ, అంటే బడి పిల్లల పేర్లన్నీ ఉండే యూడైస్‌లోనూ, పేరు వదిలేశారు. పాపను మాత్రం, ఆడపిల్ల చదువు బాగుండాలని, అప్పుచేసి మరీ ప్రైవేటులో చేర్పించి ఉన్నాం. అక్కడ ఫీజు కొంత బాకీ పడింది. బాకీ తీరిస్తేనే టీసీ అన్నారు. టీసీ ఇవ్వకపోతే ఇవ్వకపోయారు, ఆన్‌లైన్లో పాప పేరు కూడా వదల్లేదు. బడి మారే పిల్లల పేర్లు ఉంచే డ్రాప్‌బాక్సులో వాళ్లు పెడితే తప్ప, కొత్త బడివాళ్లు పెన్ నంబరు (పిల్లకు ఆన్‌లైన్లో ఇచ్చే శాశ్వత నంబరు) కొట్టి తీసుకోలేరట. మన పిల్ల పేరు ఒక డబ్బాలో ఉంటుందనీ, దాని తాళం బాకీ వసూలు చేసుకునేవాళ్ల దగ్గర ఉంటుందనీ నాకు అప్పుడే తెలిసింది.

జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మాస్టరు గారు మంచాయన. "చదువు ఆగకూడదమ్మా, కూర్చోనివ్వండి, టీసీ తర్వాత చూద్దాం" అని పాపను క్లాసులో కూర్చోబెట్టుకున్నారు. ఆ మంచితనమే ఇప్పుడు మాకు లెక్కలోకి రాకుండా పోయింది. క్లాసులో ఉంది, ఆన్‌లైన్లో లేదు. ఆన్‌లైన్లో లేదు కాబట్టి కిట్టు రాలేదు. బ్యాగు లేదు, బూట్లు లేవు, పై క్లాసు పిల్లల పాత పుస్తకాలు అడిగి తెచ్చుకుని చదివింది. మధ్యాహ్నం అన్నానికి కూడా ఆ పిల్ల లెక్కలో లేదట. వంట చేసే అక్క మాత్రం అందరితోపాటే గుడ్డు వేసి పెట్టింది. ఆమెకు లాగిన్ లేదు కదా సార్, ఆకలైన పిల్ల కళ్లకు కనపడుతుంది.

2024 డిసెంబర్ 7న మీరు రాష్ట్రమంతటా మెగా పేరెంట్స్ మీటింగ్ పెట్టారు. నేను పని మానుకుని వెళ్లాను. తల్లులకు ముగ్గుల పోటీ పెడితే ముగ్గు కూడా వేశాను. తల్లుల సంతకాల పుస్తకంలో నా సంతకం ఉంది, పాప మార్కులు టీచరు గారు నాకు చూపించారు, లెక్కల్లో ఇంకా శ్రద్ధ పెట్టాలన్నారు. ఆ రోజుకు నేను ఆ బడిలో పేరెంటును. మా పాప మాత్రం ఆ బడిలో స్టూడెంటు కాదు! ఆన్‌లైన్లో లేని పిల్లకు తల్లిగా నన్ను ఎలా రానిచ్చారో, ఆ మీటింగ్ హాజరు లెక్కలో నన్ను ఎలా కలుపుకున్నారో మీ అధికారులే చెప్పాలి.

సంక్రాంతి ముందు నా చెవి దుద్దులు కుదువపెట్టి ఆ బాకీ కట్టేశాం. పండగ సెలవులు అయ్యాక పేరు వదిలారు. హెడ్మాస్టరు గారు అదే రోజు తీసుకున్నారు, ఆ మర్నాటి నుంచి యాప్‌లో హాజరు పడటం మొదలైంది. అప్పటికి బడి ఏడాదిలో పెద్ద సగం అయిపోయింది. గడిచిపోయిన తేదీలకు హాజరు వేయడానికి యాప్‌లో దారి లేదన్నారు. సరే, కనీసం పాప ఆన్‌లైన్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క కడతారేమో అనుకున్నాను. లేదు. హారంలో ఏడాది మొత్తం పనిదినాలు, లవంలో సంక్రాంతి తర్వాతి రోజులు. ఆ భిన్నం తప్పని లెక్కల్లో వెనకబడ్డ మా పాపే చెప్పింది.

మా వీధిలో ఒక లాయరు గారి దగ్గర గుమాస్తాగా చేసే పెద్దాయన ఉన్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో ఐదో సెక్షను ఆయనే చదివి వినిపించారు. టీసీ ఆలస్యమైందని పిల్లల్ని చేర్చుకోవడం ఆపకూడదట, టీసీ ఇవ్వకుండా జాప్యం చేసిన హెడ్మాస్టరు మీద చర్య కూడా తీసుకోవచ్చట. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆయనే కళ్లజోడు తీసి, "కాకపోతే అమ్మాయ్, ఇది ఎనిమిదో తరగతి దాకానే" అన్నారు. మా పాప తొమ్మిది. ఎనిమిదో తరగతి దాటిన పిల్లను బాకీకింద ఆపుకోవచ్చని ఏ చట్టంలో ఉందో నేనడిగితే ఆయన దగ్గరా జవాబు లేదు. ఇంతకీ బాకీ ఉన్నది మేము సార్, పిల్ల కాదు. నన్ను నిలదీయమనండి, నా మీద కేసు వేయమనండి. పిల్ల పేరు పట్టుకుని కూర్చోవడం ఏమిటి?

జాబితా వచ్చాక నేను తిరిగిన తిరుగుడు గురించి కూడా వినండి. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటు అమ్మాయి పాపం మర్యాదగానే మాట్లాడింది. "ఆంటీ, నాకు కారణం కనపడుతుంది అంతే, మార్చే ఆప్షను లేదు, బడిలో అడగండి" అంది. బడిలో హెడ్మాస్టరు గారు హాజరుపట్టీ జిరాక్సు తీయించి, సంతకం పెట్టి, ముద్ర వేసి, పిల్ల ఏడాదంతా వచ్చిందని సర్టిఫికెట్ కూడా రాసిచ్చారు. "నా లాగిన్లో పాత తేదీలు తెరుచుకోవు, ఎమ్మార్సీలో ఎంఐఎస్ వాళ్లకు చూపించండి" అన్నారు. ఎమ్మార్సీ అంటే మండల విద్యా వనరుల కేంద్రం, ఎంఐఎస్ వాళ్లంటే అక్కడ కంప్యూటర్ వివరాలు చూసేవాళ్లు. ఎంఐఎస్ ఆయన ఆ కాగితాలు తిరగేసి, "ఇవన్నీ కరెక్టేనమ్మా, కానీ ఇవి ఎక్కించడానికి చోటు లేదు" అన్నారు. ఎంత గొప్ప మాట చూడండి. కాగితం నిజమే, కానీ నిజానికి చోటు లేదు. అక్కడినుంచి జిల్లా అన్నారు. జిల్లాలో, సచివాలయంలో గ్రీవెన్సు పెట్టుకోండి అన్నారు. గానుగెద్దులా తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాను.

ఇంతమందిలో ఒక్కరు కూడా నన్ను కసురుకోలేదు, అది ఒప్పుకోవాలి. లంచం కూడా ఎవరూ అడగలేదు. మా అమ్మ కాలంలో కనీసం డబ్బిస్తే ఎవరో ఒకరు పని చేసేవాళ్లట. ఇప్పుడు చేసేవాళ్లే లేరు. అందరికీ చూడటానికి లాగిన్ ఇచ్చారు, సరిదిద్దడానికి ఎవరికీ ఇవ్వలేదు.

సోమవారం అర్జీ సంగతి మరీ విచిత్రం. ఇచ్చిన కొన్నాళ్లకు ఫోన్‌కు మెసేజీ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఆశగా బ్యాంకుకు పరిగెత్తాను. ఏమీ లేదు. సచివాలయానికి వెళ్లి ఆ పరిష్కారం ఏమిటో చూపించమంటే తెర మీద చదివి వినిపించారు: "అర్జీదారునికి నిబంధనలు వివరించడమైనది." అవును సార్, వివరించారు, కాదనను. 75 శాతం నిబంధన నాకు తెలియక నేను అర్జీ పెట్టలేదు కదా! తెలుసు కాబట్టే పెట్టాను. ఆ తర్వాత ఫోన్ చేసి సంతృప్తిగా ఉన్నారా అని ఒక రికార్డు గొంతు అడిగింది. లేదని నొక్కాను. ధన్యవాదాలు అని పెట్టేసింది. వాట్సాప్‌లో ప్రభుత్వ సేవ మన మిత్రను అడిగినా ఇప్పటికీ పాప అనర్హురాలే.

మా ఒక్కరి గోడే కాదు. మా పక్క వాటాలో ఉండేవాళ్లకు కరెంటు 300 యూనిట్లు దాటిందని తల్లికి వందనం ఆపారు. మూడు వాటాలకూ కలిపి ఒకటే మీటరు, అద్దెకున్నవాళ్ల ఇంట్లో ఒక ఫ్యాను, రెండు లైట్లు. ఎదురింటి పాపకు ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బడిలో ఒక్క అక్షరంగా ఉండటం వల్ల విద్యార్థులకిచ్చే అపార్ గుర్తింపు నంబరే రావడం లేదు. వీళ్ల గురించి రాస్తే లేఖ పొడవైపోతుంది, వాళ్ల అర్జీలు వాళ్లు పెట్టుకున్నారు.

13 వేలు మీకు చిన్న మొత్తం కావచ్చు. నేను జాకెట్లు కుట్టి అంత సంపాదించాలంటే ఎన్ని నెలలు మిషను తొక్కాలో మీ ఇంట్లో ఆడవాళ్లను అడగండి. ఆ డబ్బు వస్తే దుద్దులు విడిపించుకుందామనుకున్నాను, దాచుకోవడమెందుకు, నిజమే చెబుతున్నాను. వడ్డీ నడుస్తోంది. అయినా డబ్బు కన్నా ఎక్కువ బాధ పెట్టిన సంగతి వేరే ఉంది. ఆ జాబితా సచివాలయంలో అందరూ చూశారు. టైలరమ్మ కూతురు బడికి పోవడం లేదట, ఎక్కడ తిరుగుతోందో అని ఒకావిడ మా అత్తగారితో అంది. ఆడపిల్ల సార్. మీ కంప్యూటర్ రాసిన ఒక్క ముక్కకు మేము వీధిలో ఎంతమందికి సంజాయిషీ చెప్పుకోవాలి? పాప ఆ వారం బడి నుంచి రాగానే తలుపేసుకుని కూర్చుంది.

ఇప్పుడు పదో తరగతికి వచ్చింది. పబ్లిక్ పరీక్షల నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితా కూడా ఈ యూడైస్ వివరాల నుంచే వస్తాయని హెడ్మాస్టరు గారు అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఈసారి పేరు ఉంది, యాప్‌లో హాజరు పడుతోంది, భయం లేదని ఆయన ధైర్యం చెబుతున్నారు. కిందటేడాది కూడా ధైర్యమే చెప్పారు. యాప్ రోజూ తెరుచుకుంటుందా, టీచరు గారి ఫోన్లో సిగ్నల్ ఉందా, పాప పేరు మీద టిక్కు పడిందా అని నేనిక్కడ మిషను తొక్కుతూ ఆలోచిస్తుంటాను. సాయంత్రం పాప రాగానే ఏం చదివావని కాదు, హాజరు పడిందా అని అడుగుతున్నాను.

మంత్రి గారూ, మిమ్మల్ని నేను అడిగేది పెద్దదేం కాదు. పిల్ల బడికి వచ్చిందో లేదో చెప్పగలిగింది ఆ బడి హెడ్మాస్టరు. ఆయన సంతకం పెట్టి వచ్చింది అంటే ఆ మాట చెల్లేలా చేయండి. ఆయన అబద్ధం చెబితే ఆయన మీద చర్య తీసుకోండి, ఎంఈఓ గారిని పంపి హాజరుపట్టీ తనిఖీ చేయించండి. తల్లి వేరే ఊరు వెళ్లినట్టు కాగితం చూపిస్తే పాత బడి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పిల్ల పేరు కొత్త బడికి వచ్చేలా చూడండి. బాకీలు పెద్దవాళ్లం పెద్దవాళ్లం చూసుకుంటాం. ఆలస్యంగా ఆన్‌లైన్లోకి వచ్చిన పిల్లలకు వచ్చిన రోజు నుంచే శాతం కట్టమనండి. ఇదేదీ కుదరదంటే కనీసం కుదరదని సంతకం పెట్టి చెప్పే అధికారి ఒకరిని చూపించండి. పైనుంచి రావాలి అనని మనిషి ఒక్కరు కావాలి నాకు.

పాప హాజరు సరిచేయండి సార్. డబ్బు ఈ విడతలో వీలుకాకపోతే వచ్చే విడతలో కలిపి వేయండి, ఎదురుచూస్తాను. కానీ ముందు ఆ జాబితాలో మా పాప బడికి రాలేదన్న మాట తీసేయించండి. మళ్లీ చెబుతున్నాను, హాజరు సరిచేయండి. అది నాకు డబ్బు కన్నా ముందు కావాలి.

హెడ్మాస్టరు గారి సర్టిఫికెట్, హాజరుపట్టీ జిరాక్సులు, అర్జీల రశీదులు మీ కార్యాలయానికి రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. ఒరిజినల్స్ నా దగ్గరే పెట్టుకున్నాను. విచారణకు ఎవరినైనా పంపితే చూపిస్తాను, ఆదివారాలు తప్ప రోజూ ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి తల్లి,
ప్రకాశం జిల్లా