ఆషాఢం గాలిలో బండి నడిపే నా కూతురికి

బంగారూ,

ఎత్తు విండ్‌షీల్డ్ బిగించాక కూడా హెల్మెట్ ఊగడం ఆగలేదని, పైగా మెడ పట్టేస్తోందని, రూముకి చేరాక కూడా చెవుల్లో హోరు పోవడం లేదని ఫోన్లో చెప్పావు కదా. ఇంకా పెద్దది ఆర్డర్ పెట్టనా అని అడిగావు. అప్పుడే పెట్టొద్దు. ఫోన్లో చెబితే సగం గుర్తుండదని వివరంగా రాస్తున్నాను. ఆదివారం బండి బయటికి తీసే ముందు ఒకసారి చదువుకో.

మన షాపుకి ఇదే బాధతో వచ్చే పిల్లలు చాలామంది. గాలి కొడుతోంది కాబట్టి అడ్డం పెద్దది పెట్టాలన్నదే అందరి లెక్క. విండ్‌షీల్డ్ అసలే లేని బండి మీద గాలి ఛాతీకి, ముఖానికి నేరుగా తగులుతుంది. అలసట ఉంటుంది గానీ తల అంతగా ఊగదు. విండ్‌షీల్డ్ పెట్టగానే దాని పై అంచు దగ్గర గాలి తెగుతుంది. వెనకాల ఒత్తిడి తగ్గి, పైనుంచి పోయే గాలి అక్కడికి సుడులు తిరుగుతూ దిగుతుంది. హెచ్చెల్సీ కాలువలో వంతెన స్తంభం వెనక నీళ్లు ఎలా తిరుగుతాయో చూశావు కదా, గాలీ అంతే. నీ హెల్మెట్ సరిగ్గా ఆ సుడుల్లో పడితే ఒకసారి ఇటు, ఒకసారి అటు కొడుతుంది. అదే నీ మెడని చంపుతోంది. తలకి పూర్తి గాలి తగిలినా పర్వాలేదు, అసలు తగలకపోయినా మంచిదే. సగం తెగిన గాలిలో మాత్రం తల ఉండకూడదు.

అందుకే పరీక్ష లేకుండా ఏదీ కొనొద్దు. ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు మీద 70లో పోతూ సీటు మీద నడుము నిటారుగా చేసి, తల రెండు మూడు అంగుళాలు పైకి లేపి చూడు. తర్వాత అంతే కిందికి వంగి చూడు. చూపు రోడ్డు మీదే ఉండాలి, చెవి మాత్రం మోత మీద పెట్టు. తల లేపితే మోత తగ్గి హెల్మెట్ కుదురుగా నిలబడిందంటే నీకు విండ్‌షీల్డ్ ఎక్కువైంది, పొట్టిది కావాలి. వంగితే తగ్గిందంటే అంచు ఇంకొంచెం పైకి రావాలి. అప్పుడు కూడా మొత్తం మార్చక్కర్లేదు, అంచుకి క్లిప్పుతో పట్టే స్పాయిలర్ అనే చిన్న అదనపు ముక్క చాలు. ఇంకొకటి కూడా చెయ్యి. ఒకరోజు విండ్‌షీల్డ్ పూర్తిగా విప్పేసి అదే రోడ్డు మీద అదే వేగంలో పోయి రా. నాలుగు బోల్టులు విప్పే పనే, ఖర్చు లేదు. నువ్వు నాలాగే పొడగరివి కాబట్టి నీకు పొట్టిదే సరిపోతుందని నా అంచనా. అయినా నా మాట మీద కాదు, నీ చెవి మీద నమ్మకం పెట్టుకో.

విండ్‌షీల్డ్ కింది భాగాన్ని బండికి మరీ అంటించి బిగించావేమో కూడా చూడు. బండికి, విండ్‌షీల్డుకి మధ్య రబ్బరు వాషర్లు వేసి ఒక సెంటీమీటరు సందు ఇస్తే, కిందనుంచి కొంచెం గాలి లోపలికి వచ్చి ఆ వెనకాల తగ్గిన ఒత్తిడిని నింపుతుంది. ఒత్తిడి తేడా తగ్గితే సుడులూ తగ్గుతాయి. ఈ చిన్న పనితోనే సంతోషంగా వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. వాషర్లు మరీ లావువి వేస్తే బోల్టు పట్టు చాలదు, పొడుగు బోల్టు తీసుకో. విండ్‌షీల్డ్ ప్లాస్టిక్కే కాబట్టి స్పానర్‌తో బలంగా బిగిస్తే రంధ్రం దగ్గర పగులుతుంది. చేత్తో తిప్పినంత తిప్పి, ఆపైన పావు చుట్టు చాలు.

ఊగేది తలా, హ్యాండిలా అన్నది తేల్చుకో. హ్యాండిల్ ఊగితే అది గాలి మీద వేసి వదిలేసే సంగతి కాదు. హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు, అదే కోన్‌సెట్, వదులైనా, టైర్లలో గాలి తక్కువైనా, వెనక పెట్టెలో బరువు ఎక్కువైనా ఊగుతుంది. బెంగళూరులోనే మంచి మెకానిక్‌కి చూపించు, ఆలస్యం చెయ్యకు.

హెల్మెట్ కొత్తదే గానీ నీకు వదులుగా ఉందని నా అనుమానం. పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పితే బుగ్గల చర్మం దాంతోపాటే కదలాలి. హెల్మెట్ ఒక్కటే కదిలితే లోపల బుగ్గల దగ్గరుండే మెత్తలు (చీక్ ప్యాడ్లు) లావువి వేయించు. ముందున్న టోపీ లాంటి పీక్ చూడ్డానికి బాగుంటుంది గానీ హైవేలో గాలి దాన్ని పట్టుకుని తలని పైకి గుంజుతుంది. స్క్రూలు తీసేస్తే వచ్చేస్తుంది, దూరం పోయేటప్పుడు తీసెయ్యి. మెడ చుట్టూ బిగుతుగా ఉండే గుడ్డ గొట్టం వేసుకుంటే గడ్డం కిందనుంచి వచ్చే గాలి తగ్గుతుంది. చున్నీ మాత్రం వద్దే వద్దు తల్లీ. జడ జాకెట్ లోపల పెట్టుకో, బ్యాగు పట్టీల కొసలు ముడి వెయ్యి.

చెవుల సంగతి నాకు అన్నిటికన్నా టెన్షన్. హైవే వేగంలో హెల్మెట్ లోపల గాలి మోత 90 డెసిబెల్స్ దాటిపోతుంది. ఎంత ఖరీదు హెల్మెట్ అయినా దాన్ని పూర్తిగా ఆపలేదు. రోజూ కొంచెం కొంచెంగా పోయిన వినికిడి తిరిగి రాదు. మెడికల్ షాపులో స్పాంజి ఇయర్ ప్లగ్గులు దొరుకుతాయి. సన్నగా నలిపి, చెవి పైకి లాగి పట్టుకుని పెట్టుకుంటే లోపల ఉబ్బుతాయి. హారన్ వినపడదేమో అని భయపడకు, గాలి హోరు తగ్గాక హారన్ ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ఇక వేగం. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. 80 నుంచి 100కి పెంచితేనే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. నాలుగు వరుసల హైవేలో బైకులకి పరిమితి ఎలాగూ 80. ఆ ఇరవై తగ్గించడం కన్నా గొప్ప విండ్‌షీల్డ్ ఏ కంపెనీ చెయ్యలేదు. నువ్వు విసుక్కుంటావని తెలిసే రాస్తున్నాను.

మన దారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆషాఢం గాలి పడమర నుంచి వీస్తుంది, మన 44వ నంబరు హైవే ఉత్తర దక్షిణాలుగా పోతుంది. అంటే బెంగళూరు నుంచి ఉత్తరంగా ఇటు నువ్వు వచ్చేటప్పుడు గాలి ఎడమ పక్కన, తిరిగి బెంగళూరు పోయేటప్పుడు కుడి పక్కన కొడుతుంది. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ కార్లు మోసే పొడుగు కంటైనర్లు రోడ్డెక్కుతాయి. వచ్చేటప్పుడు అలాంటి దాన్ని దాటుతున్నావనుకో. దాని పక్కన ఉన్నంతసేపు గాలి ఆగిపోతుంది, హాయిగా అనిపిస్తుంది. దాని క్యాబిన్ దాటీ దాటగానే ఎడమనుంచి ఒక్కసారిగా గాలి కొట్టి నిన్ను డివైడర్ వైపు తోస్తుంది. అది వస్తుందని ముందే తెలిసి ఉండాలి. ఎడమ హ్యాండిల్‌ని మెల్లగా ముందుకి నొక్కితే బండి గాలి వైపు వాలి సర్దుకుంటుంది. పోయేటప్పుడు ఇంకా జాగ్రత్త, కుడి గాలి నిన్ను లారీ వైపే తోస్తుంది. మధ్యలో బాగా ఎడం ఉంచు, దాని పక్కన సాగదీయకుండా దాటెయ్యి. గాలి మరీ ఎక్కువగా ఉంటే దాటనే దాటకు, వెనక దూరంగా ఉండు. దగ్గరగా పోతే దాని వెనక తెగిన గాలి అంతా నీ తల మీదే.

గాలికి భయపడి హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే నీ ఒంటి ఊపంతా బండిలోకి పోతుంది. మోకాళ్లతో ట్యాంకుని పట్టుకో, మోచేతులు వదులుగా ఉంచు, ఒళ్లు కొంచెం ముందుకి వంచు. ప్రతి గంటకీ ఆగి మెడ తిప్పు. కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర టీ తాగు.

ఈసారి వచ్చేటప్పుడు శనివారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి నేరుగా బయల్దేరకు. ఆ వేళకి గాలి ముదిరి ఉంటుంది. రాత్రి నిద్రపోయి ఆదివారం తెల్లారి వెలుతురు రాగానే బయల్దేరితే ఎండెక్కేలోపు ఇల్లు చేరతావు. పాత పొట్టి విండ్‌షీల్డ్ పారెయ్యలేదు కదా, బ్యాగులో పెట్టుకుని తీసుకురా. రబ్బరు వాషర్లు, పొడుగు బోల్టులు నేను తెచ్చి పెడతాను. పాతదీ కొత్తదీ రెండూ మార్చి మార్చి బిగించి, రాప్తాడు దాకా పోయి చూసొద్దాం. అమ్మకి నీ మెడ నొప్పి సంగతి ఇంకా చెప్పలేదు, నువ్వే చెప్పు.

ఇట్లు,
మీ నాన్న