టైఫాయిడ్‌లో మోకాలు వాస్తే

ఒరేయ్ శీనూ,

పాడేరులో కుదురుకున్నావన్నమాట, సంతోషంరా. టైఫాయిడ్‌కి మందులు వాడుతున్న పిల్లాడి మోకాలు వాచింది, కాలు కదపనివ్వట్లేదు, రెండింటికీ కారణం ఒకటేనా అని అడిగావు. కావచ్చురా. అరుదే, నూటికి ఒక్కరికి కూడా రాదు. కానీ టైఫాయిడ్ క్రిమి సాల్మొనెల్లా టైఫీ పేగులో ఆగిపోయే రకం కాదు, రక్తంలో తిరుగుతుంది. ఏదో ఒక కీలులో దిగిందంటే చీము పట్టిస్తుంది.

యాంటీబయాటిక్ మార్చే ముందే కీలులో నీరు తియ్యి. కొత్త మందు పడ్డాక తీస్తే కల్చర్‌లో (క్రిమిని పెంచి చూసే పరీక్షలో) ఏదీ పెరగకపోవచ్చు, అప్పుడు చీకట్లో బాణం వేసినట్టే. పిల్లాడు షాక్‌లోకి జారుతుంటే మాత్రం ఆగకు, కల్చర్‌కి రక్తం తీసి వెంటనే మందు మొదలుపెట్టు. తీసిన నీటిలో కొంత కణాల లెక్కకి, కొంత గ్రామ్ స్టెయిన్‌కి (క్రిమికి రంగు వేసి మైక్రోస్కోపులో చూసే పరీక్షకి) పంపి, మిగతాది నేరుగా బ్లడ్ కల్చర్ సీసాలో పొయ్యి. ఘన మిల్లీమీటరుకి తెల్లకణాలు 50,000 దాటితే చీమే అనుకో. తక్కువున్నాయని కాదనెయ్యకు. టైఫాయిడ్‌కి చేసే విడాల్ రక్తపరీక్ష చూసి మాత్రం ఏమీ తేల్చకు, పాత జ్వరం తాలూకు యాంటీబాడీలు కూడా అందులో కనబడతాయి.

మీది ఏజెన్సీ కాబట్టి సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్ష తప్పకుండా చేయించు. ఆ జబ్బున్న పిల్లల ఎముకల్లో సాల్మొనెల్లా చేరడం ఎక్కువ, పైగా సికిల్ నొప్పే అనుకుని వదిలేసే ప్రమాదముంది. మొదటి పది రోజులూ ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు, దాన్ని చూసి ధైర్యపడకు.

జ్వరం వచ్చిన ఒకటి నుంచి నాలుగు వారాల్లో రెండు మూడు కీళ్ళు వాచి, నీటిలో క్రిమి లేకపోతే అది రియాక్టివ్ ఆర్థ్రైటిస్ కావచ్చు, అంటే క్రిమి కీలులో లేకుండానే ఒంటి రోగనిరోధక శక్తి వల్ల వచ్చే వాపు. దానికి నొప్పి మందులు చాలు. చీము లేదని రూఢి కాకుండా కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాత్రం ఎవరినీ చెయ్యనివ్వకురా.

చీము పట్టిన కీలుకి మందు సెఫ్ట్రియాక్సోన్, కిలోకి రోజుకి 75 నుంచి 100 మిల్లీగ్రాములు, సిరలోకి. మన దగ్గర సిప్రోఫ్లాక్సాసిన్‌ని సెన్సిటివిటీ (క్రిమి ఏ మందుకి లొంగుతుందో) చూడకుండా నమ్మలేం. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: జ్వరం దిగింది కదా అని 14 రోజులకే ఆపేస్తారు. అది టైఫాయిడ్ లెక్క. కీలుకి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. మందొక్కటే చాలదు, చీము బయటికి రావాలి, లేకపోతే కొద్దిరోజుల్లోనే మృదులాస్థి కరిగిపోతుంది.

వాచింది తుంటి అయితే సూదితో సరిపెట్టకు, అదే రోజు విశాఖ కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) పంపెయ్. లోపల ఒత్తిడి పెరిగితే తొడ ఎముక తలకి రక్తం అందదు, ఆ తల చచ్చిపోతుంది.

నొప్పి తగ్గగానే మెల్లగా కాలు ఆడించమను, కట్టు కట్టి వారాల తరబడి ఉంచితే మోకాలు బిగుసుకుపోతుంది. రక్తంలో వాపు తీవ్రత చూపే సీఆర్‌పీ దిగకపోతే మళ్ళీ నీరు తీసి చూడు. సెన్సిటివిటీ రిపోర్టు రాగానే ఫోన్ చెయ్యి.

నీ
రఘు