జాతకం నమ్మకపోతే దేవుణ్ణి నమ్మనట్టా?

సంపాదకులకు,

పోయిన వారం మీ భక్తి పేజీలో వచ్చిన జ్యోతిష వ్యాసానికి ఎవరైనా పండితులు బదులిస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను. ఎవరూ కిమ్మనలేదు. ‘జ్యోతిషం వేదాంగం (వేదానికి అనుబంధ శాస్త్రం), దాన్ని శంకించేవాడు ధర్మాన్ని శంకించినట్టే’ అని వ్యాసకర్త ఒక్క ముక్కలో తేల్చేశారు. అంటే రోజూ దీపం పెట్టుకుని, జాతకాలు మాత్రం పట్టించుకోని నాలాంటి వాళ్లంతా నాస్తికులమన్నమాట!

ఆరు వేదాంగాల్లో జ్యోతిషం ఒకటి, నిజమే. కానీ లగధుడి పేరు మీదున్న వేదాంగ జ్యోతిషమనే పాత గ్రంథంలో ఏముంది? యజ్ఞాలకు కావలసిన కాలం లెక్క. తిథులు, నక్షత్రాలు, అయనాలు, ఐదేళ్ల యుగం. జన్మకుండలి లేదు, ఏలినాటి శని అసలే లేదు. జాతకాలు చెప్పడం ఆ తర్వాత వచ్చింది, అందులో గ్రీకుల వాటా ఉంది. యవనులు, అంటే గ్రీకులు, మ్లేచ్ఛులే అయినా ఈ శాస్త్రం వాళ్ల దగ్గర బాగా నిలిచింది కాబట్టి ఋషుల్లా పూజలందుకుంటున్నారని జ్యోతిషులు నెత్తిన పెట్టుకునే వరాహమిహిరుడే తన బృహత్సంహితలో రాశాడు. ఆయనకు లేని మొహమాటం మన వ్యాసకర్తకెందుకో! ఇక మనుస్మృతి మూడో అధ్యాయం శ్రాద్ధానికి పిలవకూడని వాళ్లలో నక్షత్రాలు చెప్పి బతికేవాణ్ణి కూడా చేర్చింది. మనువును నేను నెత్తిన పెట్టుకోను గానీ, పెట్టుకునేవాళ్లు ఆ శ్లోకం రాగానే పేజీ తిప్పేస్తారు.

పండగకీ, పుష్కరానికీ, సంకల్పానికీ పంచాంగం కావాలి, కాదనను. ఆ లెక్కయినా సరిగ్గా తేలుస్తున్నారా? ఇప్పటి ఖగోళ లెక్కలతో పంచాంగం కట్టే దృక్ సిద్ధాంతం వాళ్లు ఒక రోజంటే, పాత గ్రంథాల లెక్క పట్టుకునే పూర్వ సిద్ధాంతం వాళ్లు ఇంకో రోజంటారు. ప్రభుత్వం సెలవు ప్రకటించి మళ్లీ మారుస్తుంది. పండగ చేసుకునేవాళ్లకు టెన్షన్, సలహాదారులకు శాలువాలు.

అసలు విసుగెక్కేది ఇంకొకటుంది. శాస్త్రం కదా, రుజువేదీ అంటే ‘ఇది విశ్వాసం’ అంటారు. విశ్వాసమైతే మీ ఇంట్లో ఉంచుకోండి అంటే ‘ఇది విజ్ఞానం’ అంటారు. 2001లో యూనివర్సిటీల వ్యవహారాలు చూసే యూజీసీ, జ్యోతిర్విజ్ఞానం పేరుతో యూనివర్సిటీల్లో కోర్సులకు తలుపులు తీసింది. దాన్ని ఆపమని శాస్త్రవేత్త పుష్ప భార్గవ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2004లో ఆ పిటిషన్ నిలవలేదు. సరే, విజ్ఞానమే అనుకుందాం. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం 27 మంది జ్యోతిషులకు తలా 40 జాతకాలిచ్చి, వీటిలో చదువులో రాణించిన పిల్లలవేవో, మానసిక ఎదుగుదల లేని పిల్లలవేవో చెప్పమంది. సగటున 46 శాతమే సరిపోయాయి. బొమ్మా బొరుసూ వేసినా అంతకు తగ్గదు.

శ్రీకాళహస్తిలో తిన్నడు కన్ను పెకలించి శివుడికిచ్చేటప్పుడు దుర్ముహూర్తం చూసుకున్నట్టు ఏ కథలోనూ లేదు. ఇప్పుడదే గుళ్లో రాహుకేతు పూజ టికెట్టు కోసం నిలబడ్డవాళ్లలో, కన్నప్పను తలుచుకునేవాళ్లు ఎందరో మరి.

మీకో చిన్న విన్నపం. రోజూ వేసే రాశిఫలాలు మానేయమని అడగను, మీ సర్క్యులేషన్ లెక్కలు మీకుంటాయి. కనీసం వాటిని భక్తి పేజీలోంచి తీసి సినిమా కబుర్ల పక్కన వేయండి.

— ఒక పాత పాఠకుడు