ఇమ్యూనిటీ పొడితో నరాల మంట తగ్గదు

సంపాదకుడు గారికి,

అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, సర్పి (హెర్పిస్ జోస్టర్) మానాక కూడా వదలని నొప్పి. అన్నిటికీ ‘నరాల బలహీనతే’ కారణమని, ఇమ్యూనిటీ పెంచే పొడో లేహ్యమో వాడితే పోతాయని చెప్పే ప్రకటనలు పత్రికల్లో, టీవీల్లో తెగ వస్తున్నాయి. కరోనా తర్వాత ఇమ్యూనిటీ అనే మాటకు వచ్చిన గిరాకీ అలాంటిది. మెడికల్ షాపు నడిపేవాణ్ణి కనుక ఆ ప్రకటన కత్తిరించి జేబులో పెట్టుకొచ్చేవాళ్ళను తరచూ చూస్తుంటాను. అందుకే ఈ ఉత్తరం.

ఇలాంటి నొప్పులు చాలావరకు నరం దెబ్బతినడం వల్ల వచ్చేవే. ఆ దెబ్బతిన్నచోటికి మాక్రోఫేజ్‌ల వంటి రోగనిరోధక కణాలు చేరి చెత్త ఎత్తిపోస్తాయి. అది మంచికే. చిక్కు వెన్నుపాములో వస్తుంది. అక్కడ మైక్రోగ్లియా అనే కణాలు ఉంటాయి. స్పెయిన్ శాస్త్రవేత్త రియో ఒర్టేగా 1919లోనే వాటిని గుర్తించి వర్ణించాడు. మామూలు రోజుల్లో కాపలా తిరిగే ఈ కణాలు, నరానికి దెబ్బ తగిలితే నొప్పి కబురు వెన్నుపాములోకి చేరేచోట ఒక్కసారిగా పెరిగిపోతాయి. ఆ కణాల మీద ఎక్కువయ్యే పీ2ఎక్స్4 అనే గ్రాహకాన్ని (కణం మీద ఉండి రసాయన కబుర్లు అందుకునే ప్రోటీన్‌ను) అడ్డుకుంటే ఎలుకల్లో ముట్టుకుంటే పుట్టే నొప్పి తగ్గిందని జపాన్ శాస్త్రవేత్తలు 2003లో చూపారు. మైక్రోగ్లియా వదిలే ఒక ప్రోటీన్ వల్ల వెన్నుపాములో నొప్పికి ఉండే బ్రేకు సడలిపోతుందని 2005లో మరో పరిశోధన తేల్చింది. బ్రేకు పోయాక తాకిడి కూడా నొప్పే అవుతుంది. సర్పి వచ్చి మానిన ఒక పెద్దాయన మా కౌంటరు దగ్గర నిలబడి మాట్లాడినంతసేపూ చొక్కాను రెండు వేళ్ళతో పక్కటెముకలకు తగలకుండా ఎత్తి పట్టుకునే ఉన్నారు. చర్మం మీద మచ్చ తప్ప పుండు లేదు. ఫ్యాను గాలి కూడా ఓర్చుకోలేనంటే ఇంట్లోవాళ్ళు నమ్మడం లేదట!

ఇక్కడ రోగనిరోధక వ్యవస్థ నీరసించి పడుకుందని ఎవరన్నారు? చేయాల్సిన దానికంటే ఎక్కువే చేస్తోంది. దాన్ని ఇంకా ‘పెంచుతాం’ అనేవాళ్ళు ఏం పెంచుతారో వాళ్ళకే తెలియాలి. అలాగని అణచేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. మగ ఎలుకల్లో మైక్రోగ్లియా చేసే పనిని ఆడ ఎలుకల్లో టీ కణాలు అనే మరో రకం రోగనిరోధక కణాలు చేస్తున్నట్టుందని 2015లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. మైక్రోగ్లియాను నెమ్మదింపజేస్తాయనుకున్న కొన్ని మందులు ఎలుకల్లో పనిచేసి మనుషుల దగ్గర చతికిలబడ్డాయి. సర్పి వచ్చినప్పుడు రోగనిరోధక వ్యవస్థను అణచే స్టెరాయిడ్ వాడినా తర్వాత మిగిలే నొప్పిని ఆపలేదని కూడా తేలింది. మన ఊళ్ళలో మాత్రం స్టెరాయిడ్ సూదికి కొదవ లేదు. షుగరు ఉన్నవాళ్ళకు దానివల్ల షుగరు ఎంత పైకి పోతుందో చెప్పేవాళ్ళు లేరు. డైక్లోఫెనాక్ బిళ్ళలదీ ఇదే కథ. ఈ రకం నొప్పికి వాటి సాయం అంతంతే, నెలల తరబడి మింగితే కిడ్నీలకు ముప్పు. బీ12 సూది సంగతి వేరు, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడి ఆ విటమిన్ నిజంగా తగ్గినవాళ్ళకు అది అవసరమే.

పనికొచ్చే మందులు లేకపోలేదు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, డులోక్సెటిన్ వంటివి కొంతమందికి నొప్పిని పూర్తిగా పోగొట్టకపోయినా నిద్ర పట్టేంతగా తగ్గిస్తాయి. డాక్టరు చూసి మోతాదు మెల్లగా పెంచుతూ ఇవ్వాలి. సర్పి విషయంలో ఇంకో గడువుంది. పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు వైరస్‌ను అణచే ఎసైక్లోవిర్ లాంటి మందు మొదలుపెట్టాలి. మనవాళ్ళు ఆ మూడు రోజులూ పసర్లకూ మంత్రాలకూ పెట్టేస్తారు. యాభై దాటినవారికి టీకా మన దేశంలోనూ దొరుకుతోంది కానీ దాని ధర మామూలు కుటుంబం భరించేది కాదు. కనీసం ఆ మూడు రోజుల ముచ్చట ఆశా కార్యకర్తల చేత ఇంటింటికీ చెప్పించవచ్చు, దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. జిల్లా ఆసుపత్రుల్లో వారానికి ఒక పూట నొప్పి క్లినిక్ పెట్టడం కూడా అసాధ్యమేమీ కాదు.

ప్రకటనల సంగతికి వస్తే, 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూలులో (నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో) నాడీవ్యవస్థ జబ్బులూ ఉన్నాయి, ‘నరాల బలహీనత’ అనేదీ విడిగా ఉంది. వాటిని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే కాదు, దాని ప్రచురణలో పాలుపంచుకోవడమూ ఆ చట్టం ప్రకారం నేరమే. ఔషధ నియంత్రణ అధికారులు షాపుల్లో బిల్లు పుస్తకాలు తనిఖీ చేసినంత శ్రద్ధగా ఈ ప్రకటనలనూ చూడాలి. మీ పత్రిక ఆదివారం పేజీల్లోనూ అలాంటివి వస్తున్నాయి. మీ ప్రకటనల విభాగం వారు ఆ షెడ్యూలును ఒకసారి తిరగేయాలని నా మనవి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, తెనాలి