మహేంద్రగిరి శివరాత్రి: చందాల జమా ఖర్చులు

అందరికీ నమస్కారం. కొండ మీద శివరాత్రికి మనం పెట్టిన చలివేంద్రం లెక్క తేలింది, ఆలస్యం చేయకుండా పెడుతున్నాం.

పర్లాకిమిడిలో మన వీధుల్లో ఇంటింటికీ తిరిగితే వచ్చింది 38,400. బరంపురం, విశాఖలో ఉన్న మనవాళ్ళు ఫోన్‌పే చేసింది 17,500. పోయినేడు మిగిలిన 4,250 కలిపితే మొత్తం జమ 60,150 రూపాయలు. బియ్యం రెండు బస్తాలు దుకాణం వాళ్ళు ఉచితంగానే ఇచ్చారు, అది లెక్కలోకి రాలేదు.

ఖర్చుల్లో బండి అద్దె రెండు ట్రిప్పులకి 13,000, మంచినీళ్ళ క్యాన్లకి 3,600. ఆ రోజు మజ్జిగ, అరటిపళ్ళు, జాగారం అయ్యాక పొద్దున్న పులిహోర, గ్యాసుతో సహా 14,650. స్టీలు గ్లాసులు రెండు వందలు, ఒక్కోటి 31 చొప్పున 6,200. గోనె సంచులు, చేతి తొడుగులు 2,350.

ఇక అందరూ అడుగుతున్నది కూలి గురించి. పండగయ్యాక కొండ మీద చెత్త ఏరినందుకు కింద ఊళ్ళ సవర గిరిజన కుర్రాళ్ళు 12 మందికి రెండు రోజులకి, రోజుకి 600 లెక్కన 14,400 ఇచ్చాం. దేవుడి పేరు మీద ఎత్తిన చందా చెత్త ఏరడానికా అని కొందరు అన్నారు. కొండ మీది కుంతి గుడి కింద రాళ్ళ సందుల్లో ఏముందో వచ్చి చూసినవాళ్ళు ఆ మాట అనరు. కర్పూరం కవర్లు, పెరుగు ప్యాకెట్లు, నూనె అంటిన పేపరు ప్లేట్లు గాలికి ఎగిరి గడ్డిలో ఇరుక్కుపోయాయి, వంగి ఒక్కొక్కటీ చేత్తో లాగాల్సిందే. ఎండు గడ్డి కాబట్టి అక్కడ కాల్చడానికి మేం ఒప్పుకోలేదు, అన్నీ సంచుల్లో కిందికి దింపించాం. 1,501 మీటర్ల కొండ అది, 2022లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది కూడా. మన ఊరి పక్కన పారే మహేంద్రతనయ నది పుట్టేది ఆ కొండల్లోనే, అక్కడ పడేసింది వానాకాలం వస్తే మన పొలాల్లోకే దిగుతుంది. అందుకే ఈ ఖర్చు వచ్చే ఏడాది కూడా ఉంటుంది, ముందే చెప్పి మరీ చందా అడుగుతాం.

మొత్తం ఖర్చు 54,200. చేతిలో మిగిలింది 5,950, బ్యాంకులో వేశాం. దాంతో ఇంకో వంద గ్లాసులు కొందామని కొందరు, వచ్చే ఏడాది బండికి అడ్వాన్సుగా ఉంచుదామని కొందరు అంటున్నారు, మీ మాట కూడా చెప్పండి. గ్లాసులు కడిగి మూటకట్టి రామమందిరంలో పెట్టాం, పెళ్ళిళ్ళకి కావాలంటే తీసుకెళ్ళి లెక్కతో తిరిగివ్వండి. బిల్లులు, కూలి తీసుకున్నవాళ్ళ సంతకాల పుస్తకం అక్కడే ఉన్నాయి, ఎవరైనా సాయంత్రం వచ్చి చూసుకోవచ్చు.